గొడ్డలికి పాపం అంటుతుందా?

రాత్రి రెండున్నర. మేల్ మెడికల్ వార్డు. ముప్పై మంచాలు, మంచం దొరకనివాళ్లకు నేల మీద పరిచిన పరుపులు మరో నాలుగు. డ్యూటీలో ఒక్కతే సిస్టర్. ఆయా ఒకామె ఉంది గానీ, శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లి అరగంటైంది. ఇది ఫలానా ఆసుపత్రి కథ కాదు. పెద్ద సర్కారు దవాఖానాలో నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సును కదిలించినా ఇలాంటి రాత్రి ఒకటి చెబుతుంది.

ఆ వార్డులో సొంతంగా కదల్లేని రోగులు ఎనిమిది మంది. వాళ్లను రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మార్చి పడుకోబెట్టాలి. లేకపోతే బరువంతా ఒకేచోట పడి, అక్కడ రక్తం ఆడక, చర్మం చితికి పడకపుండు అవుతుంది. తిప్పడమంటే పక్కకు తోయడం కాదు. ఇద్దరు పట్టాలి. దుప్పటి ముడతలు సరిచేయాలి, వీపు తుడవాలి, మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి, మూత్రం గొట్టం మెలిపడకుండా చూసుకోవాలి. ఎంత చేయి తిరిగినవాళ్లకైనా మనిషికి ఐదు నిమిషాలు పడుతుంది. ఎనిమిది మందికి నలభై. అంటే ప్రతి రెండు గంటల్లో నలభై నిమిషాలు ఈ ఒక్క పనికే పోతాయి. ఇంజెక్షన్లు, సెలైన్లు, ఆక్సిజన్, అర్ధరాత్రి వచ్చిన కొత్త కేసు, దాని వెంట వచ్చిన పదిమంది బంధువులు, ఇవన్నీ మిగిలిన ఎనభై నిమిషాల్లో ఇమడాలి.

నాలుగు గంటలకు ఆమె చార్టు ముందు కూర్చుంటుంది. పదికి ఎడమ, పన్నెండుకు వెల్లకిలా. ఆ రెండూ నిజం. రెండు గంటల గడి ఖాళీగా ఉంది. నర్సింగ్ చదువులో తొలినాళ్లలోనే నేర్పే పాఠం ఒకటుంది: రాయనిది చేయనట్టే లెక్క. తెల్లారి ఆ ఖాళీ గడిని చూపించి నిలదీసేవాళ్లు ఉన్నారు. వార్డుకు ఇంకో నర్సును ఎందుకు వేయలేదని అడిగేవాళ్లు లేరు. ఆమె పెన్ను తీసి ఆ గడిలో ‘కుడి’ అని రాస్తుంది. ఉదయం హ్యాండోవర్‌లో దుప్పటి తొలగిస్తే, ఆరో మంచం పెద్దాయన నడుము కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి తీసినా తెల్లబడటం లేదు. అంటే పుండుకు అదే మొదలు.

ఆ మచ్చ ఎవరి పాపం?

భారతయుద్ధం ముగిశాక ధర్మరాజు సరిగ్గా ఇలాంటి ప్రశ్న దగ్గరే కూలబడ్డాడు. గెలిచాడు. రాజ్యం చేతికొచ్చింది. తనకొద్దంటాడు. శాంతిపర్వం మొదట్లో తమ్ముళ్లు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు ఒకరి తర్వాత ఒకరు ఆయనకు నచ్చజెబుతారు. వ్యాసుడి మాటల్లో ఒక వాదం ఉంది. అసలు ఈ పనికి కర్త ఎవరు? ఈశ్వరుడా, మనిషా, యాదృచ్ఛికమా, పూర్వకర్మా? ఈశ్వరుడే చేయించాడనుకుంటే నీకు దోషం లేదు. అడవిలో ఒకడు గొడ్డలితో చెట్టు నరికితే పాపం నరికినవాడిదే, గొడ్డలిది కాదు కదా అంటాడు. తర్కంలో లోపమేమీ లేదు. అయినా ధర్మరాజు దుఃఖం తగ్గలేదు. ఆ వెంటనే మళ్లీ చనిపోయినవాళ్లను తలుచుకుంటూ మొదలుపెడతాడు. తాను గొడ్డలినని ఆయన ఒప్పుకోలేకపోయాడు.

తప్పు నీది కాదమ్మా, పైవాళ్లది అని ఆ నైట్ డ్యూటీ సిస్టర్‌ను ఓదార్చినా జరిగేది అదే. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆ ఎర్రటి మచ్చ కళ్ల ముందు నుంచి పోదు.

ఈ బాధకు పేరు పెట్టినవాళ్లు ఉన్నారు. 1984లో నర్సింగ్ నీతి మీద రాసిన పుస్తకంలో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తత్వవేత్త దీన్ని నైతిక వేదన అన్నారు. ఏది చేయాలో తెలుసు, చేయడానికి సంస్థ దారివ్వదు. తెలుగులో మనం దీన్ని కూడా ధర్మసంకటం అనే అంటాం. అది సరికాదు. ధర్మసంకటంలో ఏది ధర్మమో తేలక మనిషి నలుగుతాడు. ఇక్కడ తేల్చుకోవాల్సిందేమీ లేదు. పెద్దాయనను కుడికి తిప్పాలి, అంతే. దానికి ఇంకో రెండు చేతులు కావాలి. ఆ చేతులు లేవు.

పదేళ్ల తర్వాత, 1994లో, జొనాథన్ షే అనే మనోవైద్యుడు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గురించి రాస్తూ, హోమర్ కావ్యంలోని అకిలీజ్‌తో వాళ్లను పోల్చారు. వాళ్లను కుంగదీసింది ప్రాణభయం ఒక్కటే కాదని, తమ మీద అధికారం ఉన్నవాళ్లే ధర్మానికి ద్రోహం చేయడమని ఆయన గమనించారు. ఆ గమనింపు నుంచి నైతిక గాయం అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు దాని పరిధిని పెంచారు. మనసు ఒప్పని పని చేయడమే కాదు, దాన్ని ఆపలేకపోవడం, కళ్లారా చూస్తూ ఉండిపోవడం కూడా గాయం చేస్తాయన్నారు. నర్సు ఉద్యోగంలో ఈ మూడూ ఒకే షిఫ్టులో జరగొచ్చు. 2018లో సైమన్ టాల్బట్, వెండీ డీన్ అనే ఇద్దరు వైద్యులు, డాక్టర్ల అలసటను బర్నవుట్ అనడం ఆపి దీన్ని నైతిక గాయం అనండి అని రాశాక ఈ మాట ఆసుపత్రుల్లో బాగా వినబడింది. నర్సులు అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచీ చెబుతున్నది ఇదే. ఎవరు చెబితే వింటారనే దాంట్లో కూడా ఒక అన్యాయం ఉంది.

పేరులో ఏముంది అనుకోకూడదు. బర్నవుట్ అంటే మనిషి అరిగిపోయిందని అర్థం. సెలవిస్తే, యోగా క్లాసు పెడితే తేరుకుంటుందని ఆశ. నైతిక గాయమైతే సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లినా ఆరో మంచం వెంట వస్తుంది. ఎలిజబెత్ ఎప్‌స్టీన్, ఆన్ హామ్‌రిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఇంకో సంగతి చెప్పారు. ఒక సంఘటన ముగిశాక వేదన పూర్తిగా పోదు, కొంత అడుగున మిగులుతుంది. తర్వాతిది ఆ మిగిలినదాని మీద మొదలవుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున ఉప్పు పేరుకున్నట్టు. ‘ఆ సిస్టర్ కసురుకుంది, మొహం కూడా చూడలేదు’ అని ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతి కుటుంబం దగ్గరా ఒక ఫిర్యాదు ఉంటుంది. ఆ కసురు తప్పే. రోగికి అది చేసే గాయం చిన్నదేమీ కాదు. కానీ ఆ నర్సు చేరిన మొదటి ఏడాది ఎలా ఉండేదో ఆమెతో చదువుకున్నవాళ్లను అడిగి చూడాలి.

నర్సును గొడ్డలిగా చూడటం కొత్తేమీ కాదు. దీపాలు పట్టుకుని నర్సింగ్ విద్యార్థినులు చేసే నైటింగేల్ ప్రతిజ్ఞ నైటింగేల్ రాసింది కాదు. 1893లో డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలో తయారైంది. వైద్యుడికి విధేయంగా సాయపడతామనే మాట అందులో ఉంది. 1953 నాటి అంతర్జాతీయ నర్సుల మండలి నియమావళి కూడా వైద్యుడి ఆదేశాలను వివేకంతో, విధేయతతో అమలు చేయమంది; అనైతికమైన పనిలో పాలుపంచుకోవద్దనీ అంది. నర్సు మొదటి బాధ్యత రోగికేనని ఆ నియమావళి నేరుగా చెప్పింది 1973లో.

విధేయత ఎక్కడిదాకా పోగలదో అప్పటికే ప్రపంచం చూసింది. నేడు పోలండ్‌లో ఉన్న మెజెరిట్జ్-ఓబ్రావాల్డె మానసిక చికిత్సాలయంలో నాజీల కాలంలో వేల మంది రోగులను మోతాదు మించిన మత్తుమందులతో చంపారు. మందు కలిపిన చేతులు, తాగించిన చేతులు నర్సులవే. 1965లో మ్యూనిక్‌లో పద్నాలుగు మంది నర్సుల మీద విచారణ జరిగింది. పైవాళ్లు చెప్పారు, మేం చేశాం అన్నారు. పద్నాలుగు మందినీ నిర్దోషులని వదిలేశారు. వ్యాసుడి గొడ్డలి వాదం ఆ కోర్టులో నెగ్గింది. చనిపోయినవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ తీర్పు మింగుడుపడదు. చేసిన చేయికి ఏ పాపమూ అంటదనడం ఓదార్పుగా మొదలై ఇక్కడిదాకా వస్తుంది.

దీనికి అటు చివరన ఇంకో కేసు ఉంది. 2017 డిసెంబరు 26న అమెరికాలో, నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో 75 ఏళ్ల రోగికి స్కాన్‌కు ముందు భయం తగ్గడానికి వెర్సెడ్ అనే మందు ఇవ్వమన్నారు. రడోండా వాట్ అనే నర్సు మందుల యంత్రంలో మొదటి రెండు అక్షరాలు కొట్టింది. మందు కనబడలేదు. ఓవర్‌రైడ్ చేసింది. వచ్చిన సీసా వెకురోనియం. కండరాలను కట్టేసి ఊపిరి ఆపే మందు. సీసా మూత మీద హెచ్చరిక ఉంది. వెర్సెడ్ ద్రవం, ఇది నీళ్లు కలపాల్సిన పొడి. ఆమె ఇవేవీ గమనించలేదు. రోగి చనిపోయింది. తప్పు తెలియగానే వాట్ దాచకుండా చెప్పేసింది. ఆసుపత్రి ఆమెను తీసేసింది, కుటుంబంతో రాజీ చేసుకుంది, జరిగింది నియంత్రణ సంస్థలకు తెలియజేయలేదు. పేరు చెప్పని వ్యక్తి ఒకరు ఫిర్యాదు చేస్తే ఏడాదికి సంగతి బయటికొచ్చింది. ఆ రోజుల్లో ఓవర్‌రైడ్ చేయడం అక్కడ రోజువారీ పనేనని వాట్ వాదించింది. 2022 మార్చిలో జ్యూరీ ఆమెను నిర్లక్ష్యపు హత్యానేరం కింద దోషిగా తేల్చింది. మే నెలలో మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. ఆసుపత్రి నుంచి ఇంకెవరూ బోనెక్కలేదు.

ఆమె తప్పు చిన్నది కాదు. హెచ్చరిక చదవకపోవడానికి సాకు లేదు. కానీ ఆ శిక్ష చూసి నర్సులంతా వణికింది, తప్పు చేస్తే శిక్ష పడుతుందని కాదు. ఒప్పుకున్న మనిషికి జైలు భయం, దాచిన సంస్థకు ఏమీ కాకపోవడం చూసి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఒక పాత లెక్క ఈ రెండు కేసులకంటే న్యాయంగా ఉంది. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సరేనన్నవాడు, పుణ్యంలోనైనా పాపంలోనైనా నలుగురికీ సమానవాటా అంటారు. మ్యూనిక్‌లో చేసిన చేయికి వాటాయే లేదన్నారు. నాష్‌విల్‌లో నాలుగు వాటాలూ ఆ చేయి మీదే వేశారు. ఆరో మంచం పెద్దాయన విషయంలో వార్డు సిస్టర్‌కు తన పావు వాటా తీసుకోవడానికి అభ్యంతరం ఉండదు. మిగతా మూడు వాటాలు ఎవరూ తీసుకోకపోవడం వల్ల అవి కూడా ఆమె దగ్గరే పడి ఉంటాయి. గాయం ముదిరేది అందుకే.

ఆ మూడు వాటాలవాళ్లు ఎవరో లెక్కలు చెబుతాయి. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి, నర్సు మీద అదనంగా పడే ఒక్కో రోగితో, సర్జరీ రోగులు నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. కాలిఫోర్నియా 1999లోనే ఒక నర్సుకు ఎందరు రోగులుండాలో చట్టం చేసి 2004లో అమల్లోకి తెచ్చింది. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. పైన చెప్పిన వార్డులో 34 మందికి ఒక్కరు. ప్రమాణం కాగితం మీద ఉంది. పోస్టు మంజూరు చేయనివాడిది ఒక వాటా, ఖాళీ నింపనివాడిది ఒక వాటా, చూసి సంతకం పెట్టి వెళ్లిపోయినవాడిది ఒక వాటా.

మరి నర్సు నోరు విప్పదేం? ఈ ప్రశ్న అడిగేవాళ్లు చరకసంహితలో ఒక్క మాట దగ్గర ఆగాలి. చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉండాల్సిన నాలుగు గుణాల్లో సేవ చేసే తీరు తెలియడం, నేర్పు, శుభ్రత సరే. మిగిలినది ‘భర్త’ మీద అనురాగం. ఇక్కడ భర్త అంటే పెనిమిటి కాదు, పోషించేవాడు, యజమాని. రోగి అని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. రాజు ఇంట్లోనో ధనికుడి ఇంట్లోనో వైద్యం జరిగేటప్పుడు రెండర్థాలకూ తేడా లేదు. మంచం మీద ఉన్నవాడే కూడు పెట్టేవాడు. ఆసుపత్రి వచ్చాక ఆ ఇద్దరూ విడిపోయారు. మంచం మీద ఒకరు, జీతమిచ్చేది ఇంకొకరు. నర్సు ఎవరి మనిషి?

భీష్ముణ్ణి చిక్కులో పడేసింది కూడా ఇదే. సభలో ద్రౌపది అడిగితే ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. అంపశయ్య మీద ఆయన ధర్మాలు చెబుతుంటే ద్రౌపది నవ్విందని, దుర్యోధనుడి కూడు తిన్న రక్తం బాణాల వెంట కారిపోయాక తనకు ఇప్పుడు ధర్మం తెలుస్తోందని ఆయన బదులిచ్చాడని మన ప్రవచనకారులు ఒక కథ చెబుతారు. నర్సును భీష్ముడితో పోల్చడం మాత్రం అన్యాయం. ఆయన లేచి నిలబడితే సభ ఆగేది. ఇంటికి ఆధారమైన ఉద్యోగం, చదువుకు చేసిన అప్పు ఉన్న అమ్మాయి లేచి నిలబడితే ఆగేది ఆమె జీతమే. చాలా ప్రైవేటు ఆసుపత్రులు ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండ్ రాయించుకునేవి. 2011–12లో ఢిల్లీ, ముంబయి, కేరళ నర్సులు సమ్మెలకు దిగడానికి అది ఒక ముఖ్య కారణం. తర్వాత సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో, ప్రైవేటు ఆసుపత్రి ఎంత చిన్నదైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఇది ఇవ్వమని ఒక కమిటీ చెప్పాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం ఇస్తున్నారో ఊహించుకోవచ్చు. 2020 మార్చి 22న, కరోనా మొదట్లో, వైద్య సిబ్బంది కోసం దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ జూలైలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో, కరోనా మధ్యలోనే, అవుట్‌సోర్సింగ్ నర్సులు విధులు ఆపి బయటికొచ్చారు. రోగులను వదిలేసి సమ్మె ఏమిటన్నవాళ్లు ఉన్నారు. రోగిని చూసుకోలేని స్థితిని మార్చమని అడగడం రోగిని వదిలేయడం కాదు.

ఇలాంటి సమ్మెకు ఒక పాత ఉదాహరణ ఉంది. 1973 నవంబరు 27న ముంబయి కేఈఎం ఆసుపత్రిలో అరుణా షాన్‌బాగ్ అనే పాతికేళ్ల నర్సు మీద ఒక వార్డుబాయ్ అత్యాచారం చేశాడు. కుక్కల గొలుసుతో మెడ బిగించాడు. మెదడుకు ఆక్సిజన్ అందక ఆమె ఇక కోలుకోలేదు. దోపిడీ, హత్యాయత్నం కింద వాడికి ఏడేళ్ల శిక్ష పడింది, అత్యాచారం నేరం మోపనేలేదు. ముంబయి నర్సులు సమ్మె చేశారు. అరుణకు సరైన వైద్యం, తమకు భద్రత అడిగారు. తర్వాత అదే ఆసుపత్రిలో, నాలుగో వార్డు పక్కన చిన్న గదిలో, ఆమెను తామే చూసుకున్నారు. మంచం ఖాళీ చేయించి ఆమెను వేరే చోటికి పంపాలని 1980లలో నగరపాలక సంస్థ రెండుసార్లు ప్రయత్నిస్తే అడ్డుపడ్డారు. తినిపించారు, కడిగారు, తిప్పారు. రెండు గంటలకోసారి లెక్కన నలభై ఒక్క ఏళ్లకు పైగా అంటే ఒక లక్షా ఎనభై వేల సార్లు. సుప్రీంకోర్టు పంపిన వైద్యులు పరీక్షించినప్పుడు ఆమె ఒంటి మీద ఒక్క పడకపుండు లేదు.

ఆ కోర్టు దాకా వెళ్లింది పింకీ విరానీ అనే జర్నలిస్టు. అరుణ మీద పుస్తకం రాసిన మనిషి. ఇది బతుకు కాదు, ఆమెను వెళ్లనివ్వండి అని అడిగారు. ఆ వాదన కూడా దయ నుంచే వచ్చింది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఏమీ చెప్పలేని మనిషిని ఇన్నేళ్లు నిలిపి ఉంచడం ఎవరి కోసం అనే ప్రశ్నకు నర్సుల దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. 2011 మార్చి 7న కోర్టు కొన్ని షరతులతో పరోక్ష కారుణ్య మరణానికి దారి తెరిచింది, అరుణ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఆమె తరఫున నిర్ణయించే ఆప్తులు ఎవరనే ప్రశ్నకు, పుస్తకం రాసినవాళ్లు కాదు, ఇన్నేళ్లూ రాత్రింబవళ్లు చూసుకున్న కేఈఎం సిబ్బంది అని చెప్పింది. చరకుడి మాటలోని చిక్కుకు ఇదొక జవాబు. జీతమిచ్చేవాళ్లు పొమ్మన్నా, ఆ నర్సులు తమ ‘భర్త’ ఎవరో తేల్చుకున్నారు.

బౌద్ధుల వినయపిటకంలో ఒక ఘట్టం ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు చూశాడు. ఎవరూ పట్టించుకోవడం లేదు. అతని వల్ల తమకేమీ ఉపయోగం లేదు గనుక అని భిక్షువులు చెప్పారు. బుద్ధుడు, ఆనందుడు కలిసి అతణ్ణి కడిగి మంచం మీదికి చేర్చారు. మీకు ఇక్కడ తల్లిదండ్రులు లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని బుద్ధుడు అడిగాడు. అరుణ దగ్గరికి కూడా కొన్నేళ్లు పోయాక బంధువుల రాక ఆగిపోయింది; చూసుకున్నది ఆ నర్సులే.

2015 మే 18న న్యుమోనియాతో అరుణ చనిపోయింది. చివరి ఏళ్లలో ఆమెను చూసుకున్న నర్సుల్లో చాలామంది 1973 నాటికి పుట్టనేలేదు. ఆమె నడుస్తుండగా, మాట్లాడుతుండగా చూసినవాళ్లు ఎప్పుడో రిటైరైపోయారు. కొత్తగా ఆ గదికి డ్యూటీ పడిన అమ్మాయికి సీనియర్ సిస్టర్ హ్యాండోవర్‌లో ఏమేం చెప్పి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చేపలంటే ఇష్టం. ముద్ద చిన్నది పెట్టాలి. పక్కకు తిప్పేటప్పుడు ముందు పేరు పెట్టి పిలవాలి.